గర్భధారణలో కటి వలయ నొప్పి

గర్భధారణ సమయంలో కటి వలయంలోని కీళ్ళలోను, వాటిని పట్టి ఉంచే సంధిబంధనాలు మరియు కండరాలలోను కలిగే నొప్పిని కటి వలయ నొప్పి అంటారు. ఈ నొప్పి నడుము అడుగు భాగంలో, పిరుదులలో, పొత్తికడుపు క్రింద రెండు జఘనాస్థులు కలిసే చోట, గజ్జలలో, తొడలలో కనిపిస్తుంది. ప్రతి ఐదుగురు గర్భిణులలో సుమారు ఒకరికి ఇది ఏదో ఒక స్థాయిలో కలుగుతుంది. కొందరిలో ఇది స్వల్పమైన అసౌకర్యంగానే ఉండి పోతుంది. మరికొందరిలో నడవడం, మెట్లు ఎక్కడం, పక్క మీద ఒత్తిగిలడం కూడా కష్టమయ్యేంత తీవ్రంగా ఉంటుంది.

ఈ నొప్పి వలన గర్భస్థ శిశువుకు నేరుగా హాని కలుగదు. అయితే తల్లి నిద్రకు, ఉపాధికి, ఇంటి పనికి, మనశ్శాంతికి భంగం కలుగుతుంది. "కడుపుతో ఉన్నప్పుడు నొప్పులు మామూలే" అనే భావన వలన చాలామంది స్త్రీలు ఈ బాధను వైద్యులకు చెప్పరు. గర్భధారణలో ఇది తరచుగా కనిపించే మాట నిజమే కాని, భరించి ఊరుకోవలసినది మాత్రం కాదు. త్వరగా గుర్తించి తగిన సలహా పొందిన వారిలో నొప్పి అదుపులో ఉండే అవకాశం ఎక్కువ.

పేర్లు

పూర్వం ఈ నొప్పిని జఘన సంధి లోపం అని వ్యవహరించేవారు. నొప్పి ముందు వైపు కీలుకే పరిమితం కాదని, వెనుక ఉన్న రెండు కీళ్ళకు కూడా దీనితో సంబంధం ఉందని తెలిసిన తరువాత కటి వలయ నొప్పి అనే విస్తృతమైన పేరు స్థిరపడింది. ఐరోపా నిపుణుల బృందం 2008లో ప్రచురించిన మార్గదర్శకాలు ఈ పేరుకు నిర్వచనం ఇచ్చాయి. ఆ నిర్వచనం ప్రకారం ఇది తుంటి ఎముక వెనుక అంచు నుండి పిరుదు క్రింది ముడత వరకు గల ప్రాంతంలో, ముఖ్యంగా త్రిక-శ్రోణి కీళ్ళ వద్ద కలిగే నొప్పి. ఇది తొడ వెనుక భాగానికి ప్రాకవచ్చు. దీనితో కలిసి గాని, విడిగా గాని జఘన సంధి వద్ద కూడా నొప్పి ఉండవచ్చు. నిలబడే, నడిచే, కూర్చొనే ఓర్పు తగ్గిపోవడం ఈ నిర్వచనంలో భాగమే.

కటి వలయ నిర్మాణం

కటి వలయం మొండెమునకు, కాళ్ళకు మధ్య ఉండే ఎముకల ఉంగరం. దీనిలో కుడి ఎడమల రెండు తుంటి ఎముకలు, వెనుక వైపు వాటి మధ్య త్రికాస్థి ఉంటాయి. త్రికాస్థి వెన్నెముక అడుగున ఉండే ముక్కోణపు ఎముక. ఈ ఎముకల మధ్య మూడు కీళ్ళు ఉంటాయి.

* త్రిక-శ్రోణి కీళ్ళు: ఇవి రెండు. త్రికాస్థి ఇరువైపులా తుంటి ఎముకలతో కలిసే చోట్లు.
* జఘన సంధి: రెండు జఘనాస్థులు ముందు వైపు కలిసే చోటు. ఇక్కడ ఎముకల మధ్య పీచుతో కూడిన మృదులాస్థి పలక ఉంటుంది.

త్రిక-శ్రోణి కీళ్ళ కదలిక చాలా తక్కువ. అది సాధారణంగా నాలుగు డిగ్రీలకు మించదు. మోకాలు, భుజం వంటి కీళ్ళ వలె ఇవి తిరగడానికి ఏర్పడినవి కావు. పై శరీరపు బరువును కాళ్ళకు చేరవేయడం వీటి ముఖ్యమైన పని. ఈ కీళ్ళ స్థిరత్వానికి రెండు ఆధారాలు ఉన్నాయి. ఒకటి ఎముకల ఆకారం. కమానులో నడిమి రాయి రెండు ప్రక్కల రాళ్ళ మధ్య బిగిసినట్లు త్రికాస్థి తుంటి ఎముకల మధ్య బిగిసి ఉంటుంది. రెండవది కండరాల బిగువు. పొట్ట లోపలి పొరల కండరాలు, నడుము కండరాలు, పిరుదు కండరాలు, కటి అడుగు కండరాలు నాలుగు వైపుల నుండి లాగి పట్టి ఆ కీళ్ళను అదిమి ఉంచుతాయి. గర్భధారణలో సంధిబంధనాలు సడలినప్పుడు ఈ రెండవ ఆధారం మీద భారం పెరుగుతుంది. వ్యాయామ చికిత్సకు మూలం ఈ సూత్రమే.

కారణాలు

ఈ నొప్పికి ఒకే కారణం అంటూ లేదు. పలు మార్పులు కలిసి దీనికి దారి తీస్తాయి.

హార్మోనులు: గర్భం దాల్చిన తరువాత అండాశయంలోని కార్పస్ లూటియం, ఆపై మాయ, గర్భాశయపు లోపలి పొర రిలాక్సిన్ అనే హార్మోనును తయారు చేస్తాయి. రక్తంలో దీని స్థాయి మొదటి మూడు నెలల చివరకు గరిష్ఠానికి చేరి, ఆ తరువాత తగ్గి, ప్రసవం వరకు కొనసాగుతుంది. ప్రొజెస్టిరోన్, ఈస్ట్రోజన్ హార్మోనులతో కలిసి ఇది సంధిబంధనాలను మెత్తబరుస్తుంది. అయితే రక్తంలో రిలాక్సిన్ ఎక్కువగా ఉన్న వారికే నొప్పి ఎక్కువగా ఉంటుందని పరిశోధనలలో రుజువు కాలేదు. కనుక నొప్పి అంతటికీ ఈ హార్మోనే మూలమని చెప్పడం సరికాదు.

భార కేంద్రం మారడం: గర్భాశయం పెరిగే కొద్దీ శరీరపు భార కేంద్రం ముందుకు జరుగుతుంది. దానిని సరిచేసుకొనడానికి నడుము వెనుకకు వంగుతుంది. పొట్ట కండరాలు సాగి బలం కోల్పోతాయి. వాటి పనిని నడుము, పిరుదు కండరాలు చేయవలసి వచ్చి అవి త్వరగా అలసిపోతాయి.

కీళ్ళు సమానంగా కదలకపోవడం: కీళ్ళు కొద్దిగా సడలడం అందరు గర్భిణులలోను జరుగుతుంది. కుడి ఎడమల కీళ్ళు ఒకే తీరున సడలితే బాధ తక్కువ. ఒక వైపు ఎక్కువగా, మరొక వైపు తక్కువగా కదిలినప్పుడు నొప్పి కలిగే అవకాశం పెరుగుతుంది.

జఘన సంధిలో ఎడం: ఈ కీలులో ఎముకల మధ్య ఎడం మామూలుగా 4 నుండి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. గర్భధారణలో మరో 2 లేక 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇది సహజం. ఎడం 10 మిల్లీమీటర్లకు మించితే జఘన సంధి విడిపోయినట్లు పరిగణిస్తారు. ఇది అరుదు. ఎడం ఎంత ఉంది అనే దానికి, నొప్పి తీవ్రతకు నేరు సంబంధం లేదు.

ఎవరికి ఎక్కువగా వస్తుంది

* గర్భం దాల్చక ముందే నడుము నొప్పి ఉన్నవారు
* మునుపటి కాన్పులో ఇదే నొప్పి వచ్చినవారు
* తుంటికి గాని, కటి ఎముకలకు గాని పూర్వం దెబ్బ తగిలినవారు
* బరువులు ఎత్తడం, వంగి చేయడం వంటి శ్రమతో కూడిన పనులు చేసేవారు

గర్భనిరోధక మాత్రలు వాడటం, కాన్పుకు కాన్పుకు మధ్య ఎడం, స్త్రీ ఎత్తు వంటివి దీనికి కారణాలు కావని 2008 నాటి ఐరోపా మార్గదర్శకాలు పేర్కొన్నాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలలో స్త్రీలు చేసే పలు పనులు కటి కీళ్ళ మీద ఒత్తిడి పెంచేవే. గంటల కొద్దీ వంగి వరి నాట్లు వేయడం, కలుపు తీయడం, బీడీలు చుట్టుతూ ఒకే భంగిమలో నేల మీద కూర్చోవడం, నీటి బిందెను ఒక ప్రక్క నడుము మీద మోయడం, పెద్ద బిడ్డను చంకన ఎత్తుకొని తిరగడం ఇందుకు ఉదాహరణలు. చివరి రెండింటిలో బరువంతా ఒకే వైపు పడటం వలన బాధ అధికమవుతుంది.

లక్షణాలు

నొప్పి గర్భధారణలో ఏ నెలలోనైనా మొదలు కావచ్చు. ఐదవ నెల తరువాత ఎక్కువ మందిలో కనిపిస్తుంది. మొద్దుబారిన నొప్పిగా గాని, పొడిచినట్లు గాని, మంటగా గాని ఉండవచ్చు. పగలు ఎక్కువ శ్రమ పడితే రాత్రి నొప్పి హెచ్చుతుంది. ఈ క్రింది సందర్భాలలో ఇది ఎక్కువగా తెలుస్తుంది.

* ఒంటికాలి మీద బరువు మోపినప్పుడు: మెట్లు ఎక్కడం, దిగడం, నిలబడి లంగా లేక సల్వారు తొడుక్కోవడం
* కాళ్ళు ఎడం చేసినప్పుడు: మంచం దిగడం, ఆటో లేక కారు ఎక్కడం
* పక్క మీద ఒక వైపు నుండి మరొక వైపుకు తిరిగినప్పుడు
* చాలాసేపు నిలబడినా, ఒకే భంగిమలో కూర్చున్నా
* గొంతుక్కూర్చొని లేచేటప్పుడు

కొందరికి జఘన సంధి వద్ద కటకటమనే చప్పుడు, లేక ఎముకలు రాచుకుంటున్నట్లు అనిపిస్తుంది. నడక బాతు నడకలా మారవచ్చు. భార్యాభర్తల కలయిక బాధాకరం కావచ్చు. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, ఇతరుల మీద ఆధారపడవలసి రావడం వలన దిగులు, చిరాకు కలుగుతాయి. ఇవి కూడా వైద్యునికి చెప్పవలసిన విషయాలే.

నిర్ధారణ

దీనిని నిర్ధారించడానికి రక్త పరీక్ష ఏదీ లేదు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తుందో అడిగి తెలుసుకొని, చేతితో పరీక్షించి నిర్ణయిస్తారు. ఎక్స్-రే అవసరం లేదు, గర్భధారణలో దానిని సాధ్యమైనంతవరకు తీయరు. వేరే వ్యాధి ఉన్నదనే అనుమానం కలిగితే ఎమ్మారై తీస్తారు. ముఖ్యమైన పరీక్షలు రెండు.

* నిటారు కాలు ఎత్తే పరీక్ష: వెల్లకిలా పడుకొని, మోకాలు వంచకుండా ఒక కాలిని సుమారు 20 సెంటీమీటర్లు పైకి ఎత్తమంటారు. ఎంత కష్టంగా ఉన్నదో 0 నుండి 5 వరకు అంకెలో చెప్పమంటారు. రెండు కాళ్ళకు కలిపి గరిష్ఠం 10. తుంటిని రెండు వైపుల నుండి చేతులతో అదిమి పట్టినప్పుడు కాలు తేలికగా లేస్తే, కీళ్ళను బిగించే కండరాల బలం చాలడం లేదని అర్థం.
* తొడ ఒత్తిడి పరీక్ష: తుంటి వద్ద కాలిని 90 డిగ్రీలకు వంచి, మోకాలి మీద నుండి తొడ పొడవునా క్రిందికి మెల్లగా నొక్కుతారు. పిరుదులో తనకు పరిచయమైన నొప్పే వస్తే త్రిక-శ్రోణి కీలు కారణమని భావిస్తారు. ఈ పరీక్షను గర్భిణుల కొరకు స్వీడన్ వైద్యుడు ఊస్ట్‌గార్డ్, ఆయన సహచరులు 1994లో వివరించారు.

డెన్మార్క్‌లో 2,269 మంది గర్భిణులను పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 20.1 శాతం మందికి ఈ నొప్పి ఉన్నట్లు తేలింది. ఆ పరిశోధకులు నొప్పిని నాలుగు రకాలుగా విభజించారు: మూడు కీళ్ళలోను ఉండేది, జఘన సంధిలో మాత్రమే ఉండేది, ఒక వైపు త్రిక-శ్రోణి కీలులో ఉండేది, రెండు వైపుల త్రిక-శ్రోణి కీళ్ళలో ఉండేది. ప్రసవానంతరం ఎంత త్వరగా కోలుకొంటారు అనేది ఈ రకం మీద కొంత ఆధారపడి ఉంటుంది.

ఇతర నొప్పులతో తేడా

* నడుము నొప్పి: ఇది త్రికాస్థికి పైన, వెన్నుపూసల వద్ద ఉంటుంది. రెండూ కలిసి ఉండవచ్చు.
* సయాటికా: నరము ఒత్తుకొనడం వలన వచ్చే నొప్పి మోకాలు దాటి పాదం వరకు ప్రాకుతుంది. తిమ్మిరి, చీమలు ప్రాకినట్లు ఉండటం దీని గుర్తులు. కటి వలయ నొప్పి సాధారణంగా మోకాలు దాటదు.
* గర్భాశయ బంధనాల నొప్పి: గర్భాశయం పెరిగేటప్పుడు దగ్గినా, చటుక్కున లేచినా పొత్తికడుపు ప్రక్కన క్షణకాలం కలుక్కుమంటుంది.
* మూత్రనాళ ఇన్ఫెక్షన్: మూత్రంలో మంట, జ్వరం, మాటిమాటికి మూత్రం రావడం ఉంటాయి.
* తుంటి ఎముక తాత్కాలికంగా గుల్లబారడం: అరుదైన స్థితి. చివరి నెలలలో గజ్జలో తీవ్రమైన నొప్పి వచ్చి కాలు మోపలేకపోతారు.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సందర్భాలు

క్రింది వాటిలో ఏది కనిపించినా అది మామూలు కటి నొప్పి అని అనుకొనరాదు.

* యోని నుండి రక్తస్రావం, లేక ఉమ్మనీరు కారడం
* 37 వారాలు నిండక ముందే నిర్ణీత వ్యవధిలో వచ్చి పోయే నొప్పులు
* శిశువు కదలికలు తగ్గడం
* జ్వరం, చలి, మూత్రంలో మంట
* తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం లేక మలం మీద అదుపు తప్పడం
* ఒక కాలు మాత్రమే వాచి, పిక్కలో నొప్పి ఉండటం. ఇది సిరలో రక్తం గడ్డకట్టడం వలన కావచ్చు
* కాలు అసలే నేల మీద మోపలేకపోవడం

దైనందిన జీవితంలో జాగ్రత్తలు

చికిత్సలో సగభాగం రోజువారీ పనులు చేసే తీరును మార్చుకొనడమే. మూల సూత్రం ఒక్కటే: రెండు కాళ్ళ మీద బరువు సమానంగా పడాలి, కాళ్ళు ఎడం కాకూడదు, నొప్పి మొదలయ్యే లోపే పని ఆపాలి.

పడుకొనేటప్పుడు: ప్రక్కకు తిరిగి, మోకాళ్ళను కొద్దిగా వంచి పడుకోవాలి. మోకాళ్ళ మధ్య నుండి చీలమండల వరకు ఒక దిండు ఉంచితే తుంటి మెలి తిరగదు. దిండు లేనిచో మడిచిన దుప్పటి చాలు. పొట్ట క్రింద పలుచని మడత ఉంచవచ్చు. అటు ఇటు ఒత్తిగిలేటప్పుడు రెండు మోకాళ్ళను దగ్గరగా చేర్చి, భుజాలు, తుంటి, మోకాళ్ళు ఒకేసారి తిప్పాలి. చివరి నెలలలో ఎక్కువసేపు వెల్లకిలా పడుకొనరాదు.

లేచేటప్పుడు: మంచం మీద ప్రక్కకు తిరిగి, రెండు కాళ్ళను కలిపి క్రిందికి దించి, చేతుల ఆసరాతో లేవాలి. నేల మీద చాప పరచుకొని పడుకొనేవారికి లేవడం మరింత కష్టం. వీలైతే ఈ కొద్ది నెలలు మంచం మీద పడుకోవడం మేలు.

కూర్చొనేటప్పుడు: వీపుకు ఆనుకొనేందుకు వీలుగల కుర్చీ మంచిది. కాలి మీద కాలు వేసుకొనరాదు. బాసింపట్టు వేసుకొని కూర్చుంటే నొప్పి వచ్చేవారు దానిని మానాలి. కూరలు తరగడం, బట్టలు మడవడం వంటి పనులు బల్ల వద్ద కూర్చొని చేసుకోవచ్చు. అరగంటకు ఒకసారి లేచి రెండడుగులు వేయాలి.

మరుగుదొడ్డి: గొంతుక్కూర్చొని లేవడం బాధగా ఉన్నవారికి కుర్చీ వలె ఉండే కమోడ్ సుఖం. ఇంట్లో అది లేనిచో మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీని పాత దొడ్డి మీద ఉంచి వాడుకొనవచ్చు. గోడకు పట్టుకొనే కడ్డీ అమర్చడం మరొక ఉపాయం. మలబద్ధకం లేకుండా పీచు పదార్థాలు, నీరు తగినంత తీసుకోవాలి.

మెట్లు: ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలు ఉంచుతూ, పిట్టగోడ పట్టుకొని నెమ్మదిగా నడవాలి. ఎక్కేటప్పుడు నొప్పి తక్కువ ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువ ఉన్న కాలు ముందు వేయాలి. రోజులో మెట్లు ఎక్కే సార్లు తగ్గించుకోవాలి.

ప్రయాణం: కారు లేక ఆటో ఎక్కేటప్పుడు ముందు వీపు లోపలి వైపుకు పెట్టి కూర్చొని, తరువాత రెండు మోకాళ్ళు కలిపి లోనికి తిప్పుకోవాలి. ద్విచక్ర వాహనం వెనుక ఒక ప్రక్కకు తిరిగి కూర్చుంటే తుంటి మెలి తిరిగి నొప్పి పెరుగుతుంది, పడిపోయే ప్రమాదమూ ఉంటుంది.

బరువులు: నీటి బిందెను సగం మాత్రమే నింపడం, రెండు చిన్న పాత్రలుగా చేసి రెండు చేతులతో తేవడం మంచిది. వీలైతే ఆ పనిని ఇంట్లోని ఇతరులకు అప్పగించాలి. పెద్ద బిడ్డను చంకన ఎత్తుకొనే బదులు, తాను కూర్చొని ఒడిలోకి తీసుకోవాలి.

దుస్తులు: కూర్చొని తొడుక్కోవాలి. నొప్పి ఎక్కువ ఉన్న కాలికి ముందు తొడగాలి. చెప్పులు ఎత్తు మడమలు లేనివై ఉండాలి.

పూర్తిగా మంచం పట్టి ఉండటం మంచిది కాదు. కండరాలు మరింత బలహీనపడతాయి, కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి రాని మేరకు కదులుతూ ఉండటమే సరైన పద్ధతి.

చికిత్స

వ్యాయామం: ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో నేర్చుకోవడం ఉత్తమం. సాధారణంగా నేర్పేవి ఇవి.

* కటి అడుగు కండరాల వ్యాయామం: మూత్రాన్ని, అపానవాయువును ఆపుకొనేటప్పుడు బిగించే కండరాలను బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. ఊపిరి బిగపట్టరాదు.
* పొట్ట లోపలి కండరాల వ్యాయామం: ఊపిరి వదులుతూ బొడ్డు క్రింది భాగాన్ని మెల్లగా లోనికి లాగి ఉంచి వదలాలి.
* చేతులు, మోకాళ్ళ మీద ఆని నడుమును నెమ్మదిగా పైకి గుండ్రంగా చేసి తిరిగి సమంగా తేవడం. ఈ భంగిమలో పొట్ట బరువు కటి మీద నుండి తొలగి ఉపశమనం కలుగుతుంది.
* నీటిలో నడక: అందుబాటు ఉన్నచోట ఈతకొలనులో నడవడం మంచిదే. కాళ్ళు ఎడంగా కొట్టే ఈత మాత్రం నొప్పిని పెంచవచ్చు.

యోగాసనాలు వేసేవారు బద్ధకోణాసనం వంటి తొడలను ఎడం చేసే ఆసనాలు, ఒంటికాలి ఆసనాలు నొప్పి కలిగిస్తే మానాలి.

కటి పట్టీ: తుంటి చుట్టూ బిగించే పట్టీ కొందరికి నడిచేటప్పుడు ఉపశమనం ఇస్తుంది. దీనిని పొట్ట చుట్టూ కాక, క్రిందుగా, తుంటి ఎముకల మీదుగా కట్టాలి. రోజంతా కాక, నడిచేటప్పుడు, పని చేసేటప్పుడు మాత్రమే వాడాలి. నొప్పి పెరిగితే తీసివేయాలి. తీవ్రమైన నొప్పి ఉన్నవారికి చేతికర్రలు కూడా అవసరం కావచ్చు.

కాపడం: గోరువెచ్చని నీటి సంచితో నడుము, పిరుదుల మీద కాపడం పెట్టవచ్చు. పొట్ట మీద వేడి కాపడం పెట్టరాదు. కొందరికి చల్లని పట్టీ మేలు చేస్తుంది.

ఆక్యుపంక్చర్: స్వీడన్‌లో 386 మంది గర్భిణులపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సాధారణ చికిత్సకు ఆక్యుపంక్చర్ లేక స్థిరీకరణ వ్యాయామాలు జోడించిన వారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. ఈ పద్ధతిని గర్భిణులకు చికిత్స చేయడంలో శిక్షణ పొందినవారి వద్ద మాత్రమే చేయించుకోవాలి. 2015 నాటి కాక్రేన్ సమీక్ష 5,121 మంది గర్భిణులతో కూడిన 34 అధ్యయనాలను పరిశీలించింది. నడుము నొప్పికి వ్యాయామం ఉపకరిస్తుందనడానికి కొంత ఆధారం ఉన్నదని, కటి నొప్పి విషయంలో ఆధారాలు అంతకన్న బలహీనంగా ఉన్నాయని ఆ సమీక్షను బట్టి తెలుస్తుంది. అందువలన ఒకే చికిత్స అందరికీ పనిచేస్తుందని చెప్పలేము.

మందులు: అవసరమైనప్పుడు వైద్యుని సలహాతో పారాసిటమాల్‌ను తక్కువ మోతాదులో, తక్కువ రోజులు వాడటం పరిపాటి. దీనికి, పిల్లలలో ఆటిజముకు సంబంధం ఉన్నదని 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం చేసిన ప్రకటన చర్చకు దారి తీసింది. అటువంటి సంబంధాన్ని నిర్ధారించే స్థిరమైన ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే నెలలో తెలిపింది.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త చాలా అవసరం. 20 వారాల తరువాత ఇవి శిశువు మూత్రపిండాల పనిని దెబ్బతీసి ఉమ్మనీటిని తగ్గించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. చివరి మూడు నెలలలో ఇవి శిశువు గుండె వద్ద ఉండే ఒక ముఖ్యమైన రక్తనాళాన్ని ముందుగానే మూసివేసే ప్రమాదం ఉంది. ఈ మందులు మందుల దుకాణాలలో సులభంగా దొరుకుతాయి. ఊరిలో సూది మందు ఇచ్చేవారు కూడా నొప్పి అనగానే వీటినే ఇస్తుంటారు. కనుక మాత్ర గాని, సూది గాని తీసుకొనే ముందు గర్భం సంగతి చెప్పి, మందు పేరు అడిగి తెలుసుకోవాలి. నొప్పి తగ్గించే పూతమందులలో కూడా డైక్లోఫెనాక్ ఉండవచ్చు.

ఉద్యోగం, కూలి పని

భారతదేశంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ప్రకారం, గర్భిణి కోరినప్పుడు ప్రసవానికి ముందరి చివరి వారాలలో ఆమె చేత అధిక శ్రమ గల పనిని, ఎక్కువసేపు నిలబడి చేసే పనిని చేయించరాదు. ఈ నియమం పూర్వం 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో కూడా ఉండేది. ఆ చట్టానికి చేసిన 2017 సవరణ మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచింది. వ్యవసాయ కూలీలకు, ఇళ్ళలో బీడీలు చుట్టే స్త్రీలకు ఇటువంటి సౌకర్యం ఆచరణలో దొరకడం కష్టం. వారి విషయంలో కుటుంబ సభ్యులు పనిని పంచుకొనడమే ప్రధాన ఆసరా. వంగి చేసే పనికి బదులు నిలబడి లేక కూర్చొని చేసే పనికి మారడం, మధ్య మధ్య విరామం తీసుకొనడం కొంత ఉపశమనం ఇస్తాయి.

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పథకం 2016లో మొదలైంది. దీని క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. రక్తపోటు, రక్తహీనత పరీక్షలతో పాటు కటి నొప్పి గురించి కూడా ఆ రోజున వైద్యునికి చెప్పవచ్చు. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ముందే చెప్పి ఉంచితే వారు తగిన చోటికి పంపగలరు.

ప్రసవ సమయంలో

కటి వలయ నొప్పి ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయించుకోవలసిన అవసరం లేదు. ఎక్కువ మంది సహజంగానే ప్రసవిస్తారు. ఆపరేషన్ వలన ఈ నొప్పి త్వరగా తగ్గుతుందనే హామీ కూడా లేదు. పైగా కోత మానే వరకు కదలికలు మరింత కష్టమవుతాయి.

నొప్పి సంగతిని ప్రసవానికి ముందే వైద్యులకు, నర్సులకు చెప్పి, తల్లీబిడ్డల కార్డులో వ్రాయించుకోవాలి. నొప్పి లేకుండా మోకాళ్ళు ఎంత ఎడం చేయగలరో వెల్లకిలా పడుకోబెట్టి ముందుగా కొలిచి, ప్రసవంలో ఆ హద్దు దాటకుండా చూస్తారు. ప్రక్కకు తిరిగి పడుకోవడం, చేతులు మోకాళ్ళ మీద ఆనడం, ఆసరాతో నిలబడటం వంటి భంగిమలు అనుకూలం. కాళ్ళను పట్టీలలో ఉంచి చాలాసేపు ఎడం చేయడం తగదు. తప్పనిసరి అయినప్పుడు రెండు కాళ్ళను ఒకేసారి ఎత్తి, ఒకేసారి దించాలి. వెన్నులో మత్తుమందు ఇచ్చినప్పుడు నొప్పి తెలియదు గనుక కాళ్ళు హద్దు దాటి ఎడం కాకుండా చుట్టూ ఉన్నవారే గమనించాలి.

ప్రసవానంతరం

చాలామందిలో ప్రసవం తరువాత కొద్ది వారాలలోనే నొప్పి తగ్గిపోతుంది. డెన్మార్క్ పరిశోధకులు నొప్పి ఉన్న గర్భిణులను రెండేళ్ళ పాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించారు. 62.5 శాతం మందికి నెలలోపే నొప్పి పోయింది. రెండేళ్ళ తరువాత కూడా మిగిలినవారు 8.6 శాతం. జఘన సంధిలో మాత్రమే నొప్పి ఉన్నవారు ఆరు నెలలలో అందరూ కోలుకొన్నారు. మూడు కీళ్ళలో నొప్పి ఉన్నవారిలో మాత్రం 21 శాతం మందికి రెండేళ్ళకు కూడా బాధ మిగిలి ఉన్నది.

ప్రసవం తరువాత మూడు నెలలకు కూడా తగ్గకపోతే తప్పక వైద్యులను సంప్రదించాలి. నార్వేలో 81 మంది బాలింతలపై జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి 20 వారాల పాటు నేర్పిన స్థిరీకరణ వ్యాయామాలు నొప్పిని బాగా తగ్గించాయి. ఆ మేలు రెండేళ్ళ తరువాత కూడా నిలిచి ఉన్నది.

బాలింత పొట్టకు పాత చీర బిగించి కట్టే ఆచారం కొన్నిచోట్ల ఉంది. ఇది పొట్ట చుట్టూ ఉంటుంది కనుక తుంటి కీళ్ళకు ఆసరా ఇవ్వదు. మరీ బిగువుగా కడితే కటి అడుగు కండరాల మీద ఒత్తిడి పడుతుంది. బిడ్డకు పాలిచ్చేటప్పుడు వంగకుండా, వీపుకు ఆసరా ఉంచుకొని బిడ్డను దిండు మీద ఎత్తుగా పెట్టుకోవాలి. స్నానం చేయించడం, ఉయ్యాల నుండి ఎత్తడం కొన్ని వారాలు ఇతరులకు అప్పగిస్తే మంచిది.

ఒకసారి ఈ నొప్పి వచ్చినవారికి తరువాతి కాన్పులో మరల వచ్చే అవకాశం ఉంది. మొదటి నెలల నుండే వ్యాయామం, భంగిమ జాగ్రత్తలు పాటిస్తే తీవ్రతను తగ్గించుకోవచ్చు. మునుపటి నొప్పి పూర్తిగా తగ్గిన తరువాత మరల గర్భం దాల్చడం మేలు.

అపోహలు

* ఎముకలు విడిపోయాయి కనుకనే నొప్పి అనుకోవడం: ఎముకలు విడిపోవడం చాలా అరుదు. కీళ్ళు కొద్దిగా సడలడం సహజం.
* నొప్పి ఉంటే బిడ్డ అడ్డం తిరిగిందని అనుకోవడం: శిశువు స్థితికి, ఈ నొప్పికి సంబంధం లేదు. శిశువు స్థితి పరీక్షలో తెలుస్తుంది.
* ఎంత పని చేస్తే కాన్పు అంత సులువు అనుకోవడం: తగిన నడక, వ్యాయామం మంచివే. నొప్పిని లెక్కచేయక బరువులు మోయడం వలన కాన్పు సులువు కాదు, కీళ్ళ బాధ మాత్రం పెరుగుతుంది.
* ఇది బద్ధకం వలన చెప్పే సాకు అనుకోవడం: బయటికి వాపు, గాయం కనిపించకపోయినా ఇది నిజమైన శారీరక బాధ. పరీక్షలో నిర్ధారించగలిగినది.

చరిత్ర

ప్రసవంలో కటి కీళ్ళు సడలుతాయనే విషయం వైద్యులకు చిరకాలంగా తెలుసు. గర్భధారణలో కటి కీళ్ళ సడలింపును గురించి అమెరికా వైద్యుడు స్నెల్లింగ్ 1870లో వివరంగా వ్రాశాడు. 1926లో ఫ్రెడరిక్ హిసా గినీ పందులపై ప్రయోగాలు చేసి, జఘన సంధిని సడలించే పదార్థం ఒకటి రక్తంలో ఉన్నదని చూపాడు. దానికే తరువాత రిలాక్సిన్ అనే పేరు వచ్చింది. 1990వ దశకంలో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆండ్రీ వ్లీమింగ్, స్నైడర్స్ తదితరులు ఎముకల ఆకారం, కండరాల బిగువు కలిసి కటి కీళ్ళను ఎలా స్థిరంగా ఉంచుతాయో వివరించారు. వ్లీమింగ్ ప్రధాన రచయితగా వెలువడిన 2008 నాటి ఐరోపా మార్గదర్శకాలతో ఈ నొప్పి నడుము నొప్పి నుండి వేరైన, ప్రత్యేక చికిత్స గల స్థితిగా గుర్తింపు పొందింది.